తెగే దాకా లాగొద్దు: మంచు రోడ్డు మీద ముందు చక్రాల కారు

బమ్రోలిలో మంచు పడదు. సూరత్‌లో పాండేసరా, ఉధ్నాల పక్కనే ఉన్న ఈ ప్రాంతంలో జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 14, 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ కారు నేర్చుకున్నవారికి చక్రం జారడం అంటే జూన్‌లో తొలి వాన రోజే గుర్తొస్తుంది. అయినా మంచు రోడ్డు గురించి తెలుసుకోవలసిన అవసరం ఇక్కడివారికీ ఉంది. అందుకు రెండు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది అటల్ సొరంగం. 9.02 కిలోమీటర్ల పొడవున్న ఈ సొరంగం 2020 అక్టోబరు 3న ప్రారంభమైంది. దీంతో శీతాకాలంలో కూడా మనాలీ నుంచి లాహౌల్ లోయకు దారి ఏర్పడింది. మంచు చూడాలన్న సరదాతో మైదాన ప్రాంతాల నుంచి సొంత కార్లలో వెళ్లేవారికి ఇప్పుడు ఆ దారి అందుబాటులో ఉంది. సూరత్ నుంచి అక్కడికి పదిహేను వందల కిలోమీటర్లకు పైనే. రెండోది పిల్లల చదువులు, ఉద్యోగాలు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గాల పని కోసం తరాల కిందట సూరత్ చేరిన పద్మశాలీ కుటుంబాలైనా, ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవారైనా, పిల్లలు అమెరికాకో కెనడాకో వెళ్తే అక్కడ మొదట కొనేది తరచూ ఒక పాత కరోలానో, సివిక్కో. వాటిలో ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే అందుతుంది. మన దగ్గర ఎక్కువగా తిరిగే డిజైర్, అమేజ్, ఆరా, సిటీ, వెర్నా వంటి సెడాన్లూ అలాంటివే.

అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ లెక్కల ప్రకారం మంచు, మంచు బురద, మంచుగడ్డ పేరుకున్న రోడ్లపై జరిగే ప్రమాదాల్లో ఆ దేశంలో ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారు. అక్కడ పుట్టి పెరిగి, ప్రతి శీతాకాలం మంచులో నడిపేవారు కూడా ఆ లెక్కలో ఉన్నారు. అలాంటప్పుడు మొదటిసారి మంచు చూసేవారు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి? ఆ జాగ్రత్త వెనుక ఉన్న భౌతికశాస్త్రం ఏమిటో చూద్దాం.

అరచేయంత పట్టు

సుమారు 1,200 కిలోల కారును రోడ్డుకు పట్టి ఉంచేది నాలుగు టైర్ల అడుగున నేలను తాకే నాలుగు చిన్న భాగాలు. ఒక్కొక్కటి దాదాపు 150 చదరపు సెంటీమీటర్లు, అంటే పెద్దవారి చెయ్యి పరిస్తే ఎంతో అంత. కారు కదలాలన్నా, ఆగాలన్నా, తిరగాలన్నా అవసరమైన బలమంతా ఈ నాలుగు చోట్ల పుట్టే ఘర్షణ నుంచే రావాలి.

ఈ పట్టు ఎంతో చెప్పే కొలత ఘర్షణ గుణకం. పొడి తారు రోడ్డు మీద అది దాదాపు 0.7 నుంచి 0.9 వరకు ఉంటుంది. వానకు తడిసిన రోడ్డు మీద 0.4 నుంచి 0.6. బండ్లు తొక్కి గట్టిపడిన మంచు మీద సుమారు 0.2. మంచుగడ్డ మీద 0.1, కరుగుతున్న తడి మంచుగడ్డ మీద ఇంకా తక్కువ.

ఈ అంకెలను బ్రేకు దూరంగా మార్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశారనుకుందాం. గుణకం 0.7 ఉన్న పొడి రోడ్డు మీద కారు 9 మీటర్లలో ఆగుతుంది. గట్టిపడిన మంచు మీద 31 మీటర్లు, మంచుగడ్డ మీద 63 మీటర్లు పడుతుంది. ప్రమాదాన్ని గమనించి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు గడిచే ఒకటిన్నర సెకన్లలో కారు మరో 17 మీటర్లు ముందుకు వెళ్తుంది. అంటే మంచుగడ్డ మీద మొత్తం 80 మీటర్లు.

బ్రేకు దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది. అదే మంచుగడ్డ మీద 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆలోచించే సమయంతో కలిపి 24 మీటర్లలో ఆగవచ్చు. 60 కిలోమీటర్ల వేగంతో అయితే 165 మీటర్లు దాటుతుంది. మంచు మీద ఆగడానికి పొడి రోడ్డు కంటే పది రెట్ల దూరం కావలసి రావచ్చని బ్రిటన్ హైవే కోడ్ హెచ్చరించేది ఇందుకే. మంచు రోడ్డు మీద డ్రైవరు చేతిలో ఉన్న అన్నిటికంటే గట్టి సాధనం తక్కువ వేగం.

పట్టుకు ఒక హద్దు ఉందన్న సంగతి నేతపనివారికి కొత్తేమీ కాదు. మగ్గం మీద పడుగు పోగు కొంత బిగువును తట్టుకుంటుంది. హద్దు దాటితే తెగుతుంది. టైరు కూడా అంతే. చక్రం దొర్లుతున్నంతసేపు రోడ్డును పట్టుకుని ఉంటుంది. అడిగిన బలం హద్దు దాటగానే జారడం మొదలవుతుంది. జారే టైరుకు పట్టు తగ్గుతుంది, స్టీరింగ్ ఎటు తిప్పినా కారు దాదాపు తన దారిన తాను పోతుంది. తెగే దాకా లాగకూడదన్న మాట మంచు రోడ్డుకు అక్షరాలా వర్తిస్తుంది.

మంచు ఎందుకు జారుతుంది?

బండి బరువుకు మంచు కరిగి, ఆ నీటి మీద చక్రం జారుతుందని చాలామంది అనుకుంటారు. ఒత్తిడి పెరిగితే మంచు కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుందన్నది నిజమే. కానీ ఎంత తగ్గుతుంది? వాతావరణ పీడనానికి సమానమైన ఒత్తిడి పెరిగితే 0.0075 డిగ్రీలు మాత్రమే. కారు టైరు నేల మీద వేసే ఒత్తిడి దానికి రెండింతలు. అంటే కరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో వందో వంతు, ఒకటిన్నర వంతు మాత్రమే మారుతుంది. మైనస్ 5 డిగ్రీల్లో కూడా మంచు ఎందుకు జారుతుందో దీనితో చెప్పలేం.

మైకేల్ ఫారడే 1850లో మరో దారి చూపాడు. రెండు మంచు ముక్కలను తాకిస్తే అవి అతుక్కుపోతాయి. మంచు ఉపరితలం మీద గడ్డకట్టే స్థాయికి కింద కూడా పలచని నీటి వంటి పొర ఉండటమే ఇందుకు కారణమని ఆయన భావించాడు. తర్వాతి పరిశోధనలు ఆ ఊహకు బలమిచ్చాయి. మంచు లోపలి నీటి అణువును చుట్టూ ఉన్న అణువులు అన్ని వైపులా పట్టి ఉంచుతాయి. పైపొరలోని అణువుకు ఒకవైపు ఆధారం ఉండదు. అందుకే అది వదులుగా, కదలడానికి సిద్ధంగా ఉంటుంది. దీనికి టైరు రాపిడితో పుట్టే వేడి తోడవుతుంది.

డ్రైవరుకు ఇందులో ఒక ఆచరణాత్మక పాఠం ఉంది. ఎంత చలిగా ఉంటే అంత జారుతుందనుకోవడం పొరపాటు. మైనస్ 20 డిగ్రీల్లో పొడిగా, గట్టిగా ఉన్న మంచుగడ్డ కంటే సున్నా దగ్గర పైన నీరు తేలుతున్న మంచుగడ్డ మీద టైరుకు పట్టు తక్కువ. ఎండ వచ్చి కాస్త కరిగిన మధ్యాహ్నం, ఆ నీరు మళ్లీ గడ్డకట్టే సాయంత్రం, తెల్లవారుజాము మరింత జాగ్రత్త అవసరమైన వేళలు.

మంచులన్నీ ఒకటి కావు

తెలుగులో పొగమంచు నుంచి హిమాలయాల మీది మంచు వరకు అన్నిటికీ ఒకటే మాట వాడతాం. రోడ్డు మీద మాత్రం వాటిని వేరువేరుగా గుర్తించాలి. అప్పుడే పడిన పొడి మంచులో టైరు గాళ్లు కొంత దిగి పట్టు తీసుకుంటాయి. పది బండ్లు తొక్కిన తర్వాత అదే మంచు గట్టిపడి నున్నగా మారుతుంది. సగం కరిగిన మంచు బురదలో టైరు, వరద నీటిలో లాగే, పైకి తేలిపోయే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే మోసకారి బ్లాక్ ఐస్. పేరులో నలుపు ఉన్నా దానికి రంగు లేదు. గాజులా పారదర్శకమైన మంచు పొర కింద నల్లటి తారు కనిపించడం వల్ల ఆ పేరు వచ్చింది. చూడటానికి మామూలు తడి రోడ్డులాగే ఉంటుంది. కొండ నీడ పడే మలుపులు, సొరంగం ముఖద్వారాలు, ఊట నీరు రోడ్డును దాటే చోట్లు, వంతెనలు దీని స్థావరాలు. మామూలు రోడ్డుకు కింద ఉన్న నేల కొంత వెచ్చదనం ఇస్తుంది. వంతెనకు పైనా కిందా చల్లగాలే కాబట్టి అది ముందుగా గడ్డకడుతుంది. రోడ్డు తడిగా మెరుస్తున్నా ముందు బండి చక్రాల నుంచి తుంపరలు లేవకపోతే, ఉన్నట్టుండి టైర్ల చప్పుడు తగ్గి స్టీరింగ్ తేలికైతే, కింద ఉన్నది నీరు కాదని అనుమానించాలి.

ముందు చక్రాల మీదే భారమంతా

ముందు చక్రాల కారులో ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ ముందే ఉంటాయి. అందువల్ల బరువులో దాదాపు 60 శాతం ముందు చక్రాల మీద పడుతుంది. లాగే చక్రాల మీదే బరువు ఉండటం మంచు మీద లాభం. వెనుక చక్రాలతో నడిచే కారు కదలలేక ఒకేచోట చక్రం తిప్పుతున్నప్పుడు ఇది మెల్లగా ముందుకు పోగలదు.

అదే గుణంలో ఒక బలహీనత కూడా ఉంది. ఈ కారులో లాగేదీ, తిప్పేదీ, బ్రేకు భారం ఎక్కువగా మోసేదీ ముందు చక్రాలే. బ్రేకు వేస్తే కారు ముందుకు వంగి బరువు ఇంకా ముందుకు చేరుతుంది. కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా వాటిదే. మంచు మీద ఉన్న కొద్దిపాటి పట్టునే ఈ మూడు పనులూ పంచుకోవాలి. మలుపులో స్టీరింగ్ తిప్పుతూనే గట్టిగా బ్రేకు వేస్తే ఉన్న పట్టంతా బ్రేకుకే ఖర్చవుతుంది. తిరగడానికి ఏమీ మిగలదు. చక్రాలు ఎడమకు తిరిగే ఉంటాయి, కారు మాత్రం తిన్నగా లోయ వైపు పోతుంది.

దీనికి విరుగుడు ఒకసారికి ఒకే పని. మలుపు రాకముందే తిన్నటి రోడ్డు మీద వేగం తగ్గించండి. బ్రేకు వదిలాక స్టీరింగ్ తిప్పండి. కారు మళ్లీ తిన్నగా అయ్యాక యాక్సిలరేటర్ మెల్లగా నొక్కండి. 30 మీటర్ల వ్యాసార్థమున్న చదునైన మలుపును పొడి రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంతో దాటడం సిద్ధాంతపరంగా సాధ్యం. గట్టిపడిన మంచు మీద ఆ హద్దు 27 కిలోమీటర్లకు, మంచుగడ్డ మీద 19 కిలోమీటర్లకు పడిపోతుంది. ఇవి జారడం మొదలయ్యే వేగాలు, నడపదగిన వేగాలు కావు. నడపవలసింది వీటికి ఎంతో కింద.

బయలుదేరేటప్పుడు మొదటి గేరులో చక్రానికి అందే బలం ఎక్కువ. కాబట్టి చక్రం సులువుగా జారుతుంది. చదునుగా ఉన్న చోట రెండో గేరులో క్లచ్‌ను నెమ్మదిగా వదిలితే మేలు. ఆటోమేటిక్ కారైతే బ్రేకు వదిలి తనంతట తాను కదలనివ్వాలి. చక్రం ఒకేచోట తిరుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ మంచు నున్నబడి పని ఇంకా చెడుతుంది. ముందు చక్రాల కింద ఇసుక చల్లడం, కాళ్ల దగ్గరి మ్యాట్లు పరవడం పనికొస్తాయి.

ఎక్కడం వేరు, ఆగడం వేరు

ఘాట్ రోడ్డులో లెక్క ఇంకో మలుపు తీసుకుంటుంది. కారు ఎత్తు ఎక్కుతుంటే బరువు వెనక్కి జరుగుతుంది, లాగవలసిన ముందు చక్రాలు తేలికపడతాయి. బరువులో 60 శాతం ముందు ఉందనుకున్నా, గుణకం 0.1 ఉన్న మంచుగడ్డ మీద ముందు చక్రాల కారు ఎక్కగలిగేది 100 మీటర్లకు 6 మీటర్లు లేచే వాలు మాత్రమే. ఆచరణలో అంత కూడా కుదరదు. నాలుగు చక్రాలూ లాగే కారు సిద్ధాంతపరంగా 10 మీటర్ల వాలు ఎక్కగలదు.

అలాగని ఫోర్ బై ఫోర్ ఉంటే భయం లేదనుకోవడం ప్రాణాంతకం కావచ్చు. బ్రేకు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటుంది. కాబట్టి ఆగే విషయంలో ఫోర్ బై ఫోర్‌కు దక్కే ప్రత్యేక లాభమేమీ లేదు. పైన చెప్పిన 10 మీటర్ల వాలునే కిందికి దిగుతుంటే గుణకం 0.1 ఉన్న మంచుగడ్డ మీద ఏ కారూ వేగం తగ్గించుకోలేదు. గురుత్వాకర్షణ లాగేదంతా బ్రేకు ఆపగలిగిన దానికి సమానమైపోతుంది. పైకి ఎక్కించిన బండి అదే వాలు మీద ఆగలేదు.

అందుకే దిగే ముందే, ఇంకా చదునుగా ఉండగానే వేగం బాగా తగ్గించి రెండో గేరులోకి మారాలి. న్యూట్రల్‌లో దించకూడదు. అయితే ముందు చక్రాల కారులో ఇంజిన్ నిరోధం కూడా ముందు చక్రాల మీదే పనిచేస్తుంది. చప్పున చిన్న గేరులోకి దించి క్లచ్ ఒక్కసారిగా వదిలితే అవే జారి స్టీరింగ్ అదుపు తప్పుతుంది. గేరు మార్చడం కూడా మెత్తగానే జరగాలి. ఎక్కేటప్పుడు ముందు బండి పూర్తిగా పైకి చేరే దాకా కింద వేచి ఉండటం మంచిది. సగం వాలులో ఆగితే మళ్లీ కదలడం కష్టం.

మంచు పడిన రోజుల్లో మనాలీ పోలీసులు తరచుగా మామూలు కార్లను నెహ్రూ కుండ్, సోలంగ్ వంటి చోట్లే ఆపి, అక్కడి నుంచి ఫోర్ బై ఫోర్ వాహనాలను మాత్రమే పంపుతారు. ఇంత దూరం వచ్చాక ఆపేశారని నొచ్చుకోనక్కర్లేదు. సెడాన్‌ను కింద ఉంచి, ఆ దారి తెలిసిన స్థానిక డ్రైవరు బండిలో వెళ్లడం పై లెక్కలన్నీ చెప్పే సలహాయే.

కారు జారితే

జారడం రెండు రకాలు. ముందు చక్రాల కారులో ఎక్కువగా జారేవి ముందు చక్రాలే. స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగా పోతుంది. కంగారులో ఇంకా తిప్పాలని, బ్రేకు తొక్కాలని అనిపిస్తుంది. రెండూ పట్టును ఇంకా తగ్గిస్తాయి. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా ఎత్తాలి, స్టీరింగ్‌ను కాస్త తిన్నగా చేయాలి. వేగం తగ్గి చక్రాలు మళ్లీ పట్టు దొరకబుచ్చుకున్నాక కావలసిన వైపు తిప్పాలి.

రెండోది వెనుక భాగం పక్కకు తిరగడం. మలుపులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలినా, బ్రేకు కొట్టినా బరువు ముందుకు చేరి వెనుక తేలికపడుతుంది, తోక జారుతుంది. అప్పుడు వెళ్లవలసిన దారి వైపు చూస్తూ అటే స్టీరింగ్ తిప్పాలి. బ్రేకు వేయకూడదు. యాక్సిలరేటర్ చాలా కొద్దిగా నొక్కితే ముందు చక్రాలు కారును లాగి తిన్నగా చేస్తాయి. కారు సర్దుకోగానే స్టీరింగ్‌ను వెంటనే తిన్నగా తేవాలి, లేదంటే రెండో వైపు విసురుతుంది. హ్యాండ్‌బ్రేక్ జోలికి అసలు పోవద్దు. చాలా కార్లలో అది వెనుక చక్రాలనే బిగిస్తుంది, కారు గిరగిరా తిరిగిపోతుంది.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. కొన్ని మరమగ్గాల్లో పడుగు పోగు తెగగానే దాని మీది చిన్న లోహపు రేకు జారిపడి మగ్గాన్ని ఆపేస్తుంది. ఏబీఎస్ అంతకంటే ముందే మేలుకుంటుంది. చక్రం బిగుసుకోబోతోందని గ్రహించి బ్రేకును సెకనుకు ఎన్నోసార్లు వదులుతూ పట్టుతూ ఉంటుంది. కాలి కింద పెడల్ దడదడలాడితే భయపడి కాలు తీయకూడదు. గట్టిగా తొక్కి ఉంచి, స్టీరింగ్‌తో అడ్డు తప్పించుకోవాలి. అయితే ఏబీఎస్ ఉన్న పట్టును పొదుపుగా వాడగలదు గాని లేని పట్టును పుట్టించలేదు. మెత్తటి మంచులో బిగుసుకున్న చక్రం ముందు మంచు కుప్పపడి కారును ఆపుతుంది. ఏబీఎస్ చక్రాన్ని దొర్లనివ్వడం వల్ల అక్కడ ఆగే దూరం కాస్త పెరగవచ్చు కూడా.

టైరు, గొలుసు, గాలి

సూరత్ ఎండకు సరిపడే రబ్బరు చలికి బిగుసుకుపోతుంది. సుమారు 7 డిగ్రీల కంటే దిగువన మామూలు టైరు గట్టిపడి, రోడ్డులోని సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లను పట్టుకోలేదు. శీతాకాలపు టైర్లలో వాడే రబ్బరు మిశ్రమం చలిలోనూ మెత్తగా ఉంటుంది. వాటి గాళ్ల మీద సన్నటి కోతలు వేలకొద్దీ ఉండి మంచును కరుచుకుంటాయి. మూడు శిఖరాల కొండ బొమ్మలో మంచు రేకు గుర్తు ఉంటే అది మంచు మీద పరీక్షించిన టైరు. అమెరికా, కెనడాల్లో చలి ప్రాంతంలో ఉండేవారు కారు కొనగానే ఖర్చు పెట్టవలసింది వీటి మీదే. లాగేవి ముందువే కదా అని రెండే మార్చకూడదు. ముందు పట్టు ఉండి వెనుక లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు తిరిగిపోతుంది. గాడిలోని అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మంచుకు ఆ లోతు చాలదు, కనీసం 4 మిల్లీమీటర్లు కావాలి.

గొలుసులు కట్టవలసి వస్తే ఈ కారులో ముందు చక్రాలకే. ముందుగా కారుతో వచ్చిన పుస్తకం చూడాలి, కొన్ని టైరు సైజులకు కంపెనీలు గొలుసులు వద్దంటాయి. గొలుసు కట్టాక దాని తయారీదారు చెప్పిన వేగం దాటకూడదు. మంచు లేని రోడ్డు రాగానే విప్పేయాలి. గొలుసు ముందే ఉంటుంది కాబట్టి దిగుడులో వెనుక భాగం జారే అవకాశం పోలేదని గుర్తుంచుకోవాలి.

టైరులో గాలి సంగతి ఆసక్తికరమైనది. సూరత్‌లో 30 డిగ్రీల వేడిలో 33 పీఎస్‌ఐ నింపిన టైరు, చలి ఒక్కటే లెక్కేస్తే మైనస్ 5 డిగ్రీలకు 27, 28కి పడిపోతుంది. కానీ మనాలీ సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజ్ దాదాపు 3 పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. ఒకటి తగ్గిస్తే మరొకటి పెంచుతుంది. అందుకే అంచనాలు మాని, ఉదయం బండి కదలకముందు గేజ్‌తో చూసి కంపెనీ చెప్పిన అంకెకు సరిచేయాలి. మంచులో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్న మాటను గట్టి మంచు మీద, మంచుగడ్డ మీద నమ్మవద్దు.

డిక్కీలో బరువు వేస్తే కారు నిలకడగా ఉంటుందన్న సలహా వెనుక చక్రాల బండ్ల కాలంనాటిది. ముందు చక్రాల కారులో వెనుక అతిగా సామాను నింపితే లాగే చక్రాల మీది భారం తగ్గుతుంది.

బయలుదేరే ముందు ఇంట్లోనే

వేడి ప్రాంతాల్లో కొందరు రేడియేటర్‌లో కూలెంట్ బదులు నీళ్లు పోసి నడుపుతారు. నీరు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది, ఇంజిన్ బ్లాకునే పగలగొట్టగలదు. ఇథిలీన్ గ్లైకాల్, నీరు చెరి సగం ఉన్న కూలెంట్ సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. డీజిల్ కారైతే మరో చిక్కు. చలికి డీజిల్‌లోని మైనం గట్టిపడి ఫిల్టరును మూసేస్తుంది. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల వరకు ప్రవహించే ప్రత్యేక డీజిల్‌ను తెచ్చింది ఇందుకే. మైదానంలో నింపిన ట్యాంకుతో గడ్డకట్టే చోట రాత్రి గడపకుండా, పైకి వెళ్లే దారిలో ఉన్న బంకులో నింపుకోవడం మేలు.

చలిలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది, పాతదైతే ముందే పరీక్షించాలి. వైపర్ నీళ్లలో గడ్డకట్టని ద్రవం కలపాలి. రాత్రి బండి ఆపినప్పుడు తడి హ్యాండ్‌బ్రేక్ గడ్డకట్టి పట్టేయవచ్చు. చదునైన చోట గేరులో ఉంచి చక్రాల కింద రాళ్లు పెట్టడం పాత పద్ధతే అయినా నమ్మదగినది.

ఇరుక్కుపోతే

2024 డిసెంబరు 23న మంచు కురిసి సోలంగ్, అటల్ సొరంగం మధ్య దాదాపు వెయ్యి వాహనాలు నిలిచిపోయాయి. పోలీసులు వందలమంది పర్యాటకులను బయటికి తెచ్చారు. 2022 జనవరి 7 రాత్రి పాకిస్తాన్‌లోని ముర్రీలో ఇలాగే నిలిచిపోయిన కార్లలో 20 మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. చలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా ఆ మరణాలకు కారణమని అప్పట్లో అనుమానించారు.

జరిగేది ఇదీ. వెచ్చదనం కోసం ఇంజిన్ నడుస్తూ ఉంటుంది. బయట కురిసే మంచు సైలెన్సర్ పైపును కప్పేస్తుంది. పొగ కారు లోపలికి చేరుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వచ్చి నిద్రలోనే ప్రాణం పోతుంది.

కాబట్టి మంచులో నిలిచిపోతే ముందుగా దిగి సైలెన్సర్ చుట్టూ మంచు తీసేయాలి, కురుస్తున్నంతసేపు మళ్లీ మళ్లీ చూడాలి. గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజిన్ నడిపి, ఆ సమయంలో గాలి వీచని వైపు అద్దం కొంచెం దించాలి. కారు వదిలి మంచులో నడిచిపోకూడదు. రక్షించేవారికి మనిషి కంటే కారు సులువుగా కనిపిస్తుంది. దుప్పట్లు, తాగునీరు, తినేవి, టార్చి, చిన్న పార, ఛార్జింగ్ ఉన్న ఫోను డిక్కీలో కాకుండా చేతికి అందేలా లోపలే ఉండాలి.

సాధన బమ్రోలిలోనే

మంచు లేని ఊళ్లో మంచు రోడ్డును సాధన చేయలేం గాని, మెత్తగా నడపడాన్ని చేయవచ్చు. అందుకు అనువైన కాలం వానాకాలం. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తొలి వానకు కలిసి జిగట పొరగా మారతాయి. లారీలు, టెంపోలు తిరిగే పారిశ్రామికవాడల్లో ఈ పొర ఇంకా చిక్కన. గట్టిగా వాన కురిసి కడిగేసిన తర్వాతి కంటే ఆ మొదటి అరగంటలోనే జారడం ఎక్కువ. అక్కడ పాటించవలసిన సూత్రం మంచు మీద పాటించేదే: తక్కువ వేగం, ముందు బండికి దూరం, ఒకసారికి ఒకే పని.

మనుషులు, బండ్లు లేని ఖాళీ ఆవరణ ఉంటే, యజమాని అనుమతితో, నేల తడిగా ఉన్నప్పుడు 20, 30 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు తొక్కి చూడండి. ఏబీఎస్ పనిచేస్తే పెడల్ ఎలా కొట్టుకుంటుందో కాలికి తెలుస్తుంది. ఆ అనుభవం మొదటిసారి మనాలీ మలుపులోనో, మిషిగన్ హైవే మీదనో కావడం కంటే ఇక్కడే కావడం క్షేమం. మరో చిన్న సాధన రోజూ చేయవచ్చు. డ్యాష్‌బోర్డు మీద మూత లేని గ్లాసులో సగానికి నీళ్లు ఉన్నాయని ఊహించుకుని, అవి తొణకకుండా బయలుదేరడం, తిరగడం, ఆగడం అలవాటు చేసుకోవాలి. ఆ అలవాటున్న చేతులు, కాళ్లు జారే రోడ్డు మీద కంగారుపడవు.

ఇన్ని చెప్పుకున్నాక అన్నిటికంటే సురక్షితమైన నిర్ణయం స్టీరింగ్ పట్టుకోకముందే తీసుకునేది. మంచు తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం ఒక రోజు వాయిదా వేయండి. అమెరికాలో ఉన్న అబ్బాయితోనో అమ్మాయితోనో ఫోనులో మాట్లాడేటప్పుడు తిన్నావా అని అడిగినట్టే, టైర్లు మార్చావా అని కూడా ఒక మాట అడగండి.